చిక్కంలో పడ్డ మాటలు

ఒకే పనిలో చేయి కలిపిన మనుషులు, ఒకే సంగతిని రోజూ నలుగురూ చేరి చెప్పుకునే మనుషులు, కొంతకాలానికి తమకంటూ కొన్ని మాటలు కల్పించుకుంటారనీ, ఆ మాటలు బయటివారికి అర్థం కాకపోవడం లోపం కాదనీ, చాలాసార్లు అదే వాటి ప్రయోజనమనీ భాషాశాస్త్రజ్ఞులు ఎంతోకాలంగా చెబుతున్నారు. నూజివీడు మామిడి సీమలో ఈ సంగతికి రెండు సాక్ష్యాలు పక్కపక్కనే ఉన్నాయి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం వైపు పరుచుకున్న తోటల్లో రైతులు, కోత కూలీలు, కమీషన్ వ్యాపారులు తరతరాలుగా వాడుతున్న మాటలు మొదటి సాక్ష్యం. 2008లో ఏర్పడి, జనం నోట ట్రిపుల్ ఐటీగా స్థిరపడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో, పదో తరగతి ముగియగానే పల్లెల నుంచి వచ్చి చేతికి ల్యాప్‌టాప్ అందుకున్న పిల్లలతో పాటు, వారి ఈడు తెలుగు యువత అంతా ఫోను తెర మీద పలికే భాష రెండోది. మొదటి రకం మాటలను పండితులు గౌరవించి పదకోశాలకు ఎక్కించారు; రెండో రకాన్ని భాషకు పట్టిన తెగులుగా చూసేవారే ఎక్కువ. ఈ రెండూ ఒకే వేరు మీద పెరిగిన కొమ్మలని గుర్తిస్తే తప్ప తెర మీది తెలుగు అర్థం కాదు.

ముందుగా కొన్ని పారిభాషిక పదాలను విడదీసి చూడటం అవసరం. ఒక వృత్తిలో ఉన్నవారు పని సాగడానికి వాడుకునే మాటలను వృత్తి పదజాలం అంటారు. ‘అంటు’, కాయ నేల పడకుండా కోసే గెడకు కట్టిన వల సంచి ‘చిక్కం’, తూకంలో తగ్గించే ‘తరుగు’ ఆ కోవలోవి. పని కోసం కాక, తమవాడెవడో పైవాడెవడో తేల్చుకోవడం కోసం, మాటకు కొత్త రంగు పూయడం కోసం ఒక గుంపు కల్పించుకునే మాటలను స్లాంగ్ అంటారు. దీనికి ‘గుంపు మాట’ అనే తెలుగు పేరు చక్కగా సరిపోతుంది. బయటివారికి తెలియకూడదనే పట్టుదలతో అల్లుకునేది మర్మభాష. పిల్లలు ఆటల్లో ప్రతి అక్షరం ముందూ ‘క’ చేర్చి ‘మామిడి’ని ‘కమా కమి కడి’ అనే క-భాష, పశువుల సంతలో తువాలు కింద వేళ్లు పట్టుకుని చేసే బేరం ఈ చివరి తరగతికి దగ్గరగా ఉంటాయి. ఇవి గోడలు కట్టి వేరుచేసిన గదులు కావు. ఒక గదిలో పుట్టిన మాట ఇంకో గదిలోకి నడిచిపోతూనే ఉంటుంది.

మామిడి తోట మాటల్లో మొదట కంటబడేది వాటి సాంద్రత. తోటతో సంబంధం లేనివారికి ఉన్నవి కాయ, పండు అనే రెండు మాటలే అయితే, తోటవారికి మొగ్గ, పూత, పిందె, లేత కాయ, టెంక పట్టిన కాయ, ముదురు కాయ, దోర కాయ, చెట్టున పండింది, మగ్గబెట్టింది అనే మెట్లన్నీ వేరువేరు. ఈ విభజన కేవలం ముచ్చట కోసం ఏర్పడలేదు. మామిడికాయ చెట్టు మీద ఉండగా తనలో పిండిపదార్థాన్ని నింపుకుంటుంది. కోసిన తరవాత కాయలోనే పుట్టే ఇథిలీన్ అనే వాయువు ప్రేరణతో ఆ పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. అందుకే పిండి నిండకముందే కోసిన లేత కాయను ఎన్నాళ్లు మగ్గబెట్టినా తీపి రాదు సరికదా తోలు ముడుచుకుపోతుంది. చెట్టునే పండబారిన కాయ లారీలో దూరప్రయాణానికి తట్టుకోదు. తొడిమ చుట్టూ భుజాలు లేచి, తొడిమ దిగిన చోట గుంటపడిన ముదురు కాయకే మంచి ధర పలుకుతుంది. అంటే రైతుకు వచ్చే రూకలన్నీ ‘లేత’కూ ‘ముదురు’కూ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడి ఉన్నాయి; మాటలు కూడా అక్కడే గుంపుగా మొలిచాయి. ఏ సమూహంలోనైనా విలువ ఎక్కడ నిర్ణయమవుతుందో అక్కడే పదాలు చిక్కబడతాయన్నది ఈ వ్యాసమంతటా వెంట ఉంచుకోదగిన సూత్రం.

ఈ మాటలు తోట గట్టు దాటి చాలాకాలమైంది. గడుసువాణ్ణి ‘ముదురు’ అనడం, వయసుకు మించిన మాటలాడే పిల్లవాణ్ణి ‘పిందెలోనే పండాడు’ అనడం, డాంబికాలు పలికేవాణ్ణి ‘కోతలు కోస్తున్నాడు’ అనడం, ఒక విద్యలో ఆరితేరినవాణ్ణి ‘పండిపోయాడు’ అనడం కాపుకూ కోతకూ చెందిన పలుకుబడులే. ఇవన్నీ పుట్టిన నాడు గుంపు మాటలే అయి ఉండాలి; ఇప్పుడు వాటిని తప్పుపట్టే పండితుడు ఒక్కడూ లేడు.

పండ్ల పేర్లలో మరో పాఠం ఉంది. నూజివీడు పేరు చెప్పగానే గుర్తొచ్చే చిన్న రసాలు, పెద్ద రసాలు, చెరకు రసాలు, పంచదార కలశ అచ్చంగా ఇంటి పేర్లు. రాయలసీమలోని బనగానపల్లె పేరుతో, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన బంగినపల్లికి తెలంగాణలో ‘బేనిషాన్’ అనే పేరుంది; ‘మచ్చ లేనిది’ అని దానికి ఉర్దూలో అర్థం చెబుతారు. మూతి చిలకముక్కులా ఉంటుంది కనుక హిందీలో ‘తోతా’ను చేర్చుకుని తోతాపురి అయిన కాయనే చిత్తూరు వైపు బెంగళూరు అంటారు, కృష్ణా తీరంలో ‘కలెక్టర్’ అంటారు. జిల్లాను ఏలే దొర హోదా పేరు ఒక పుల్లకాయకు ఎలా వచ్చిందో చెప్పే కథలు కొన్ని ప్రచారంలో ఉన్నా, భాషాశాస్త్రానికి పనికివచ్చే సంగతి వేరే ఉంది. ఇంగ్లీషు ముక్క రానివారు కూడా ‘రెండు కలెక్టర్లు ఇవ్వు’ అని, ఆ మాటకు తెలుగు బహువచనం తగిలించి, అది పరభాష అనే స్పృహే లేకుండా వాడుకుంటున్నారు. అన్యదేశ్యం ఊరిదైపోవడం అంటే ఇదే.

ఇలాంటి పల్లె మాటలను శాస్త్రీయంగా సేకరించాలనే ఆలోచన తెలుగునాట గొప్ప ఫలితం ఇచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం పూర్తిగా వ్యవసాయ పదాలకే కేటాయించినది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. గ్రంథాల్లో వెతకడం కాకుండా రైతు దగ్గరికి వెళ్లి, వస్తువును చూపించి, పేరు అడిగి, ఏ జిల్లాలో ఏమంటారో నమోదు చేయడం ఆ కృషిలోని విశేషం. కోస్తా నడిమి జిల్లాలు, రాయలసీమ, తెలంగాణ, ఉత్తరాంధ్ర అనే నాలుగు మాండలిక మండలాలుగా తెలుగును విభజించి చూపడానికి ఈ పదాలే ఆధారమయ్యాయి. చదువురాని వ్యవసాయదారుడి మాటకు నిఘంటువులో ఆరోపం ఇవ్వడం అప్పటికి తెగువతో కూడిన పని. అదే తెగువ ఫోను పట్టుకున్న కుర్రవాడి మాట విషయంలో ఇప్పటికీ చాలినంత కనబడకపోవడం విచారించవలసిన విషయం.

తెర మీది తెలుగుకు ఈ రూపం ఎందుకు వచ్చిందో తెలియాలంటే లిపి సంగతి చూడాలి. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న తెలుగు విద్యార్థులు తెలుగు అక్షరాలను ఇంగ్లీషు మీటల మీద రాసే ఒక పద్ధతిని రూపొందించారు. ఆర్‌టీఎస్ అనే పేరుతో వ్యాపించిన ఆ పద్ధతిలో చిన్నబడి అక్షరం ‘త’కు, పెద్దబడి అక్షరం ‘ట’కు గుర్తుగా ఉండేవి కనుక ‘పాత’కూ ‘పాట’కూ పొరపాటు ఉండేది కాదు. సెల్‌ఫోన్ సందేశాల కాలం వచ్చేసరికి ఈ నియమాలు కొట్టుకుపోయాయి. చిన్నబడి, పెద్దబడి తేడా చూసుకునే ఓపిక వేళ్లకు లేదు. చదివేవాడు సందర్భం బట్టి గ్రహిస్తాడనే భరోసా ఒక్కటే మిగిలింది. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991 నాటి మొదటి కూర్పులోనే చోటు దొరికినా, ఫోన్లలో తెలుగు సందేశానికి ఇంకో అడ్డంకి ఉండేది. ఒక్కొక్క సంక్షిప్త సందేశంలో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. యూనికోడ్‌లో రాస్తే 70 సంకేతాలకు మించి పట్టవు. పైగా తెలుగులో ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం రాయడానికి స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే ఆరు సంకేతాలు ఖర్చవుతాయి. ఒక తరం అంతా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి అలవాటుపడటం వెనుక మాతృభాష మీద చిన్నచూపు కన్నా ఈ లెక్కే బలంగా పనిచేసింది. తెలుగు లిపి సాంకేతికంగా ఎంత జటిలమైనదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘విజ్ఞానం’లోని ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక ప్రత్యేక క్రమంలో రాసి పంపితే ఐఫోన్లు కుప్పకూలేవి, తయారీ సంస్థ హడావుడిగా సవరణ విడుదల చేయవలసి వచ్చింది.

తెలుగు లిపిలోనే రాయాలని పట్టుబట్టిన సమూహాలు కూడా మొదటినుంచీ ఉన్నాయి, వాటికీ సొంత మాటలు పుట్టాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఇందుకు మేలైన ఉదాహరణ. అక్కడ ఇంకా పెరగని చిన్న వ్యాసాన్ని ‘మొలక’ అంటారు. కొత్తవారు చేయి తిప్పుకునే పుటను ‘ప్రయోగశాల’ అంటారు. పదేపదే వాడుకునే అచ్చును ‘మూస’ అంటారు. ఒకే పేరుతో ఉన్న సంగతులను విడదీసే పుటకు ‘అయోమయ నివృత్తి’ అని పేరు. సభ్యులంతా చేరి విధానాల మీద వాదించుకునే చోటు ‘రచ్చబండ’. తెలుగు బ్లాగరులు ఒక్కొక్క రచనను ‘టపా’ అన్నారు. ఉత్తరాల మోతకు చెందిన ఆ పాతమాట అప్పటికి తపాలా కార్యాలయాల బోర్డుల్లో తప్ప అంతగా వినబడేది కాదు. మొలక, మూస, రచ్చబండ, టపా వంటి మాటలు ఏ ప్రభుత్వ సంఘమూ కూర్చుని తయారుచేసినవి కావు. పని చేసేవారు పని మధ్యలో అందుకున్నవి. అందుకే అవి కృతకంగా అనిపించవు.

ఈ ‘రచ్చ’ ప్రయాణం ప్రత్యేకంగా చూడదగినది. సంస్కృతంలో వీధి అనే అర్థమున్న ‘రథ్య’కు ఇది వికృతి. వీధి కూడలిలో పదిమంది చేరే చోటుగా, తరవాత ఆ పదిమంది సభగా దీని అర్థం విస్తరించింది; ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న సామెతలో ఉన్నది ఆ సభే. పదిమందిలో పడితే గుట్టు బయటపడుతుంది కనుక ‘రచ్చకెక్కడం’ పరువు పోవడమైంది. గుట్టు బయటపడితే కేకలు లేస్తాయి కనుక ‘రచ్చ చేయడం’ గొడవ అయింది. ఆ గొడవలోని హుషారును మాత్రం తీసుకుని యువత ‘రచ్చ రచ్చ’ అని సంబరాన్ని పిలుచుకుంది. వికీపీడియాలో రచ్చబండ అంటే మర్యాదగా చర్చించే చోటు, అదే సమయంలో సినిమా అభిమానుల నోట రచ్చ అంటే ఊగిపోవడం. ఒకే మాట, ఒకే కాలంలో, రెండు గుంపుల దగ్గర రెండు బతుకులు బతుకుతోంది.

ఇక అందరి కంటా పడే భాగం మెప్పు మాటలు, తిట్టు మాటలు. బాగుంది అనడానికి తెర మీద ‘కేక’, ‘కత్తి’, ‘తోపు’, ‘అరాచకం’, ‘విధ్వంసం’, ‘ఊచకోత’ అనే మాటలు వాడుకలో ఉన్నాయి. హైదరాబాదు నుంచి వచ్చిన ‘కిరాక్’ వీటికి తోడైంది. ఇందులో సగం మాటలకు అసలు అర్థాలు భయంకరమైనవి. చెడ్డ అర్థమున్న మాట మంచి అర్థానికి ఎక్కడాన్ని అర్థపరిణామ శాస్త్రంలో అర్థోత్కర్ష అంటారు. ఒకప్పుడు జూదరులను చెప్పిన ‘సభికులు’ సభలో కూర్చునే పెద్దమనుషులు కావడం దీనికి పాఠ్యపుస్తకాల్లో చూపే ఉదాహరణ. దీనికి ఎదురు నడక అర్థాపకర్ష. ఒట్టి వాసనను చెప్పిన ‘కంపు’ దుర్వాసనగా, వేదం తెలిసిన ‘ఛాందసుడు’ మొండివాడుగా దిగజారడం అలాంటివి. ‘సభికులు’ ఎక్కిన మెట్లకు శతాబ్దాలు పట్టాయి. ‘అరాచకం’ ఒక తరం కళ్ల ముందే ఎక్కింది. మెప్పు మాటకు అరుగుదల ఎక్కువ. అందరూ ‘కేక’ అంటున్నప్పుడు కేకకు వినబడే శక్తి పోతుంది కనుక ఇంకా పెద్ద మాట కావాలి. అలా కేక నుంచి కత్తికి, కత్తి నుంచి ఊచకోతకు మోతాదు పెరుగుతూ పోతుంది.

తిట్టువైపు కూడా ఇంతే సంపద ఉంది. పదిమందీ కలిసి ఒకణ్ణి ఎగతాళి చేయడాన్ని ‘వేసుకోవడం’, ‘ఆడుకోవడం’, ‘ఉతికేయడం’, ‘ఏకిపారేయడం’ అంటారు. లేని గొప్పను ఎత్తిచూపడం ‘జాకీలు పెట్టి లేపడం’. పొగిడి పని జరుపుకోవడం ‘బిస్కెట్ వేయడం’. అమ్మాయి మెప్పు కోసం తీపి కబుర్లు అల్లడం ‘పులిహోర కలపడం’. ‘ట్రోల్’ అనే ఇంగ్లీషు మాట పడవ వెనుక ఎర కట్టిన గాలాన్ని లాక్కుంటూ పోయే చేపల వేటను సూచిస్తుంది, ఎర మింగేవాడి కోసం ఎదురుచూడటం అందులోని భావం. కాసిన చెట్టుకే రాళ్ల దెబ్బలని మామిడి సీమలో అనుకునే మాట, పేరున్నవారికే ట్రోలింగ్ బెడద ఎక్కువ అన్న సంగతికి సరిగ్గా అతుకుతుంది. వీటిలో చాలా మాటలు ఇంటర్నెట్ కన్నా ముందే కాలేజీ హాస్టళ్లలో, సినిమా హాళ్ల ముందు ఉన్నవే. తెర చేసిందల్లా వాటిని కూడగట్టి, ఒక్క రాత్రిలో శ్రీకాకుళం నుంచి డల్లాస్ దాకా చేరవేయడం.

బ్రిటిష్ భాషాశాస్త్రజ్ఞుడు మైకేల్ హాలిడే 1976లో ప్రతిభాషల గురించి రాసిన ఒక వ్యాసం ఇక్కడ దారి చూపుతుంది. సమాజం ఒక పక్కకు నెట్టేసిన గుంపులు పాత భాషకు ఎదురుగా కట్టుకునే భాషను ఆయన ప్రతిభాష అన్నారు. పోలండ్ జైళ్లలోని భాషతో పాటు, భక్తిప్రసాద్ మల్లిక్ పరిశోధించిన కలకత్తా నేర ప్రపంచపు భాషను కూడా ఉదాహరణగా తీసుకున్నారు. అలాంటి భాషల్లో వ్యాకరణం మారదు, పదాలు మాత్రం మారతాయి. అందులోనూ ఆ గుంపుకు ప్రాణప్రదమైన కొద్ది సంగతుల చుట్టూ మాటలు అవసరానికి మించి పోగుపడతాయి. నేరగాళ్లకు పోలీసుకు పది పేర్లుండటం అందుకే. మామిడి రైతుకు కాయ ముదురుదనం చుట్టూ పేర్లుండటం అందుకే. తెర మీది సమూహాల్లో వంటకూ వానకూ వ్యవసాయానికీ కొత్త మాటలు దాదాపు పుట్టవు. పుట్టినవన్నీ పొగడ్త, ఎగతాళి చుట్టూనే. అక్కడ ధర పలికే సరుకు పరువు, కొలిచే తూనికరాళ్లు మెప్పు, వెక్కిరింత. నున్న మామిడి మార్కెట్టులో కాయను చేత్తో తిప్పి చూసి ముదురో లేతో తేల్చే చూపు, తెర మీద మనిషిని తిప్పి చూసి తోపో కాదో తేలుస్తోంది.

మాటకు ప్రాణం పోసేది అర్థమొక్కటే కాదు, వ్యాకరణం కూడా. తోటవారికి టెంక మొక్కకూ అంటు మొక్కకూ తేడా తెలుసు. టెంక నాటితే వచ్చిన నాటు మొక్క వేరు మీద మేలురకం కొమ్మను కట్టి, రెండు కాండాల పచ్చి పొరలు అతుక్కునేలా చేస్తే, వేరు ఒకటీ పండు ఒకటీ అయిన చెట్టు పెరుగుతుంది. పరభాషా పదం తెలుగులో కాపుకు రావడం ఇలాగే జరుగుతుంది. క్రియల్ని తయారుచేయడానికి తెలుగుకు ‘-ఇంచు’ అనే ప్రత్యయం ఉంది. సంస్కృతపు ‘ప్రేమ’కు అది చేరి ‘ప్రేమించు’ అయింది, ఉర్దూ మాటలకు చేరి ‘దబాయించు’, ‘బనాయించు’ అయ్యాయి. తెలుగు బ్లాగరులు ‘గూగులించు’ అన్నప్పుడు చేసింది అదే పని. అక్కడక్కడ సరదాగా కనిపించే ‘బ్లాగాడు’, ‘కామెంటాడు’ ఇంకా సూటి అంట్లు. నామవాచకానికే నేరుగా క్రియా విభక్తులు తగిలించడం వాటి పద్ధతి. ఎక్కువమంది ఎంచుకున్నది మాత్రం పాత దారి: లైక్ కొట్టడం, ట్రోల్ చేయడం, స్టేటస్ పెట్టడం. పైన ఇంగ్లీషు కొమ్మ ఉన్నా కింద కొట్టు, చేయు, పెట్టు అనే తెలుగు వేళ్లు ఉన్నాయి. భాష చెడిపోతోందని బాధపడేవారు కొమ్మను చూసి బాధపడుతున్నారు. వేరు ఆరోగ్యంగా ఉంది.

ఏ మాట నిలుస్తుందో ఏ మాట రాలిపోతుందో ముందుగా చెప్పగలమా అన్న ప్రశ్న మీద ఇటీవల లెక్కలతో కూడిన పరిశోధన జరిగింది. అమెరికాలోని జార్జియా టెక్‌కు చెందిన ఇయాన్ స్టీవర్ట్, జేకబ్ ఐజెన్‌స్టైన్ 2018లో రెడ్డిట్ అనే చర్చావేదికలోని కొత్త మాటలను పరిశీలించి, ఒక మాటను ఎంతమంది వాడుతున్నారన్న దాని కన్నా, అది వాక్యంలో ఎన్ని రకాల చోట్ల కుదురుతుందన్నదే దాని ఆయుష్షుకు మెరుగైన సూచన అని తేల్చారు. ఒకే పడికట్టులో తప్ప ఇమడని మాట త్వరగా రాలిపోతుంది. ఎటు తిప్పినా ఒదిగే మాట మిగులుతుంది. దీన్ని తెలుగుకు పెట్టి చూస్తే తమాషాగా సరిపోతుంది. సినిమా విడుదలైన వారం అందరి నోటా నానిన పూర్తి డైలాగు మరుసటి ఏడాదికి కనబడదు, ఎందుకంటే దాన్ని విరిచి ఇంకో వాక్యంలో పెట్టలేము. ‘తోపు’ అలా కాదు: వాడు తోపు, తోపులా మాట్లాడకు, నువ్వేమైనా తోపువా, తోపులందరూ వచ్చారు అని విభక్తులన్నిటికీ తలవంచుతుంది. ‘పులిహోర’ కూడా కలపడంతో ఆగక పులిహోర రాజా, పులిహోర బ్యాచ్ అని పిలకలు వేసింది.

మాటకే కాదు, మాట్లాడేవాడికీ ఒక వయసు ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ డనెస్కు-నికులెస్కు-మిజిల్, ఆయన సహచరులు 2013లో ప్రకటించిన పరిశోధన బీరు రుచులను సమీక్షించే రెండు ఇంటర్నెట్ సమూహాల మీద జరిగింది. అక్కడ మొదట్లో వాసనను ‘అరోమా’ అని పూర్తిగా రాసేవారు. పోనుపోను ‘స్మెల్’లోని తొలి అక్షరం ‘ఎస్’ ఒక్కటే రాయడం ఆనవాయితీ అయింది. ఎవరు ఎప్పుడు కొత్త ఆనవాయితీకి మారారో లెక్కగట్టినప్పుడు, ప్రతి సభ్యుడూ తన సభ్యత్వ కాలంలో సుమారు మొదటి మూడోవంతు వరకే కొత్త మాటలను ఇష్టంగా స్వీకరిస్తాడనీ, ఆ తరవాత అతని భాష గట్టిపడిపోతుందనీ, సమూహం మాత్రం కొత్త మాటలతో ముందుకు సాగి అతనికి పరాయిదవుతుందనీ తెలిసింది. లేత కొమ్మ వంగుతుంది, ముదిరిన కొమ్మ వంగదు. రేపు ఎవరు ఆ సమూహాన్ని వదిలివెళ్తారో కూడా వారి మాటతీరును బట్టి ఊహించగలిగారు. ఈ మార్పును ఏళ్లతో కాక సభ్యత్వ కాలంతో కొలవవలసి ఉంటుంది కనుక, పాతికేళ్ల యువకుడు కూడా ఒక గుంపులో భాషాపరంగా వృద్ధుడు కావచ్చు.

పిలుపు మాటల సంగతి కొంత లోతైనది. తెర మీద ముక్కూ మొహం తెలియనివారు కూడా ఒకరినొకరు ‘మామా’, ‘బావా’, ‘మావా’ అని పిలుచుకుంటారు. ‘బాబాయ్’ అనేవారు ఉన్నా తక్కువ. తెలుగు చుట్టరికాల్లో ఏ వరస మీద ఎగతాళి చెల్లుతుంది, ఏ వరస మీద చెల్లదు అన్నది కచ్చితంగా ఉంది; మేనరికం కలిసే మామ, బావ, మరదలు వరసల్లో మేలమాడవచ్చు, తండ్రి, అన్న వరసల్లో కూడదు. మానవశాస్త్రంలో దీన్ని పరిహాస సంబంధం అంటారు. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో ఈ విషయం మీద రాసిన వ్యాసం ప్రసిద్ధం. తెర మీద సాగే మాటల్లో ఎక్కువ భాగం మేలమే కనుక, మేలానికి అనుమతి ఉన్న వరసనే జనం ఎన్నుకున్నారు. ఇది ఎవరో ఆలోచించి పెట్టిన నియమం కాదు, చుట్టరికం భాషలో ఎంత లోతుగా దిగి ఉందో చెప్పే సాక్ష్యం. గౌరవం చూపవలసినప్పుడు అదే నోరు ‘అన్నా’ అంటుంది, ఆ మాట వచ్చాక వెక్కిరింత కాస్త తగ్గుతుంది.

నూజివీడు ప్రాంగణం వంటి చోట్లు ఈ మాటలకు అంటుమళ్ల లాంటివి. ప్రారంభంలో బాసర, నూజివీడు, ఇడుపులపాయ అనే మూడు ప్రాంగణాలతో ఉమ్మడి రాష్ట్రమంతటి పల్లె పిల్లలను కలిపిన ఈ ఆరేళ్ల చదువులో, ఏడాదిని కూడా వారు పీ-వన్, పీ-టూ, ఈ-వన్, ఈ-ఫోర్ అని సంకేతంగా చెప్పుకుంటారు; తొలి రెండేళ్లూ ఇంటర్మీడియట్‌కు సమానమైన పీయూసీ, తరవాతి నాలుగూ ఇంజినీరింగ్. బయటివారికి చిక్కుప్రశ్నలా ఉండే ఈ సంకేతం లోపలివారికి వయసు, హోదా, వసతి అన్నిటినీ ఒక్క అక్షరంలో చెబుతుంది. వేరువేరు యాసల పిల్లలు ఒకే గదిలో ఆరేళ్లు గడిపినప్పుడు మరీ స్థానికమైన మాటలు అరిగిపోయి, అందరికీ పలకడానికి అనువైనవి మిగులుతాయి. దీన్ని మాండలిక సమీకరణం అంటారు. ఒకప్పుడు ఈ పని సైన్యం, రైల్వే కాలనీలు, పెద్ద కర్మాగారాలు చేసేవి. ఇప్పుడు ఫోను కూడా చేస్తోంది, గది అవసరం లేకుండా.

గుంపు మాటకు గండం బయటి నుంచి కాదు, గెలుపు నుంచే వస్తుంది. ‘నెటిజన్లు ఆడుకుంటున్నారు’ అని వార్తాపత్రిక శీర్షికలకు ఎక్కినప్పుడు, దుకాణం ప్రకటనలో ‘కేక’ కనిపించినప్పుడు ఆ మాట లోపలివాళ్ల గుర్తుగా పనికిరాకుండా పోతుంది; దాన్ని కన్నవారు వదిలేసి ఇంకోటి వెతుక్కుంటారు. వదిలేసిన మాట చావదు, సాధారణ భాషలో కలిసిపోతుంది, లేదా ఆనవాలు లేకుండా పోతుంది. రెండో దారిన పోయినవే ఎక్కువ. పల్లె మాటకు ఒక తరం గడువైనా ఉండేది కనుక 1962 నాటి సేకర్తలు వెళ్లేసరికి చెప్పగల ముసలివారు దొరికారు. తెర మీది మాట అయిదేళ్లలో పుట్టి పోతుంది, అది నిలిచిన వేదిక మూతపడితే సాక్ష్యం కూడా మిగలదు. ఇంగ్లీషులో కంప్యూటర్ పనివారి గుంపు మాటలను 1975లో స్టాన్‌ఫర్డ్‌లో రఫాయెల్ ఫింకెల్ మొదలుపెట్టిన ‘జార్గన్ ఫైల్’ అప్పటినుంచే పోగుచేస్తూ వచ్చింది కాబట్టి, ఆ తొలి తరం మాటలు ఇవాళ చరిత్రకారులకు అందుబాటులో ఉన్నాయి. తెలుగులో ఈ పని వృత్తి పదకోశం నేర్పిన పద్ధతిలోనే సాగవచ్చు: మాట, దాన్ని వాడే గుంపు, ప్రాంతం, వాక్యంలో దాని నడక, తెలిసినంతలో తొలిసారి కనిపించిన ఏడు. అలాంటి కోశంలో ఒక ఆరోపం ఇలా ఉంటుంది:

తోపు, నామవాచకం. 1. మామిడి, చింత, సరుగుడు వంటి చెట్లు గుంపుగా పెరిగిన చోటు; రైతులు; తెలుగునాట అంతటా. 2. తన పనిలో ఎదురులేనివాడు, ఎదురులేనిది. యువత, సినిమా అభిమానులు. తెర మీదా నోటి మాటలోనూ. మెప్పుగా: ‘లెక్కల్లో వాడు తోపు’. వెక్కిరింతగా, ప్రశ్నార్థకంలో: ‘నువ్వేమైనా తోపువా?’ బహువచనం: తోపులు.